ఎడమచేతి రిలీవర్‌ని ఎంచాలంటే బేస్‌బాల్ సావంట్ ఒక్కటే చాలుతుందా?

బేస్‌బాల్ సావంట్ అమెరికాలోని అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ వాళ్ల గణాంకాల సైటు. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. డారెన్ విల్మన్ సొంతంగా మొదలుపెట్టినదాన్ని తర్వాత లీగే తీసుకుంది. 2015 నుంచి మొత్తం 30 మైదానాల్లో పడిన బంతుల వేగం, తిరుగుడు, వంపు, బ్యాట్‌కి తగిలాక ఎంత వేగంతో ఏ కోణంలో లేచాయన్నదీ ఇందులో దొరుకుతుంది. 2020 నుంచి ఆ కొలతలు తీస్తున్నది హాక్-ఐ కెమెరాలు. క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ రివ్యూ అడిగితే తెర మీద బంతి దారి గీసి చూపించే హాక్-ఐ ఇదే.

సైటు మొత్తాన్ని ఇక్కడ సమీక్షించడం లేదు. బుల్‌పెన్‌లోకి, అంటే ఆట మధ్యలో దింపే పిచ్చర్ల (బంతి విసిరేవాళ్ల) దళంలోకి, ఎడమచేతి వాటం రిలీవర్‌ని (మొదటి పిచ్చర్ తర్వాత వచ్చేవాణ్ని) ఎంచుకునే పనికి అది ఎంతవరకు పనికొస్తుందన్నదే ప్రశ్న. జవాబు ముందే చెప్పేస్తాను. బంతిని చూపించడంలో దీనికి సాటి లేదు. కానీ ఆటగాడి పేజీ తెరవగానే కనిపించే ఎర్ర, నీలం పట్టీల్ని నమ్మి లెఫ్టీని (ఎడమచేతి పిచ్చర్‌ని) ఎంచితే తప్పు మనిషి దగ్గరికి వెళ్లే ప్రమాదం బాగా ఉంది.

ముందుగా ఎడమచేతి పిచ్చర్‌కి అంత గిరాకీ ఎందుకో చూడాలి. క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఇది మొదట తిరకాసుగా అనిపిస్తుంది. ఎడమచేతి స్పిన్నర్‌ని ఎడమచేతి బ్యాటర్‌కి వేయించడానికి కెప్టెన్ వెనకాడతాడు, ఎందుకంటే బంతి లోపలికి తిరుగుతుంది. బేస్‌బాల్‌లో మేనేజర్ సరిగ్గా ఆ జోడీ కోసమే లెఫ్టీని పిలుస్తాడు. నిజానికి రెండుచోట్లా సూత్రం ఒకటే, బంతి బ్యాట్ నుంచి దూరంగా పోవాలి. ఎడమచేతి పిచ్చర్ వేసే స్లైడర్ (పక్కకి జారే బంతి) ఎడమచేతి బ్యాటర్ నుంచి బయటికి జారిపోతుంది. పైగా బంతి అతని వీపు వెనక నుంచి వస్తున్నట్టు ఉంటుంది కాబట్టి ముందు భుజం తొందరగా తెరుచుకుంటుంది.

ఈ ఒక్క లాభం మీదే ఒక ఉద్యోగం నడిచేది. ఎనభైల చివర్లో ఓక్లాండ్‌లో టోనీ లా రూసా, రిక్ హనీకట్‌ని అలా వాడిన దగ్గర్నుంచి ఒక్క బ్యాటర్ కోసమే వచ్చి వెళ్లిపోయే లెఫ్టీలు ప్రతి జట్టులోనూ కనిపించారు. జెస్సీ ఒరోస్కో 1,252 ఆటల్లో బంతి వేసి ఇప్పటికీ ఎవరూ దాటని రికార్డు పెట్టాడంటే, కెరీర్ చివరి సంవత్సరాల్లో ఆ పని ఇచ్చిన ఆయుష్షు దానికో పెద్ద కారణం.

2020లో నిబంధన మారింది. వచ్చిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఆ సగం ఇన్నింగ్ ముగించాలి. గాయమో జబ్బో అయితే తప్ప మినహాయింపు లేదు. అంటే ఒక్కడి కోసం పిలవడం పూర్తిగా పోలేదు, ఇద్దరు అవుటైన తర్వాతి పరిస్థితికి కుదించుకుపోయింది. 2025 వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌షిప్ ఫైనల్) మూడో ఆటలో, 12వ ఇన్నింగ్‌లో, బేస్‌లన్నీ నిండి ఇద్దరు అవుటైనప్పుడు డాడ్జర్స్ జట్టు లెఫ్టీ క్లేటన్ కెర్షాని పంపింది. అతను ఎడమచేతి బ్యాటర్ నేథన్ లూక్స్ ఒక్కడికే వేసి, గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) పెట్టించి, ఇన్నింగ్ ముగించి వెళ్లిపోయాడు. నిబంధనకి పూర్తిగా లోబడే జరిగింది. కానీ ఇలాంటి సందర్భాలు సీజన్‌లో ఎన్ని వస్తాయి? మిగతా రాత్రులన్నీ మీ లెఫ్టీ కుడిచేతి బ్యాటర్లని కూడా దాటుకుని రావాల్సిందే.

రెండువైపులా ఆడగల స్విచ్ హిట్టర్లు లెఫ్టీ రాగానే కుడివైపుకి మారిపోతారు, అవతలి మేనేజర్ బెంచి మీది కుడిచేతివాళ్లని దింపుతాడు. అందుకే ఎడమచేతి పిచ్చర్‌కి మొత్తమ్మీద ఎక్కువగా ఎదురయ్యేది కుడిచేతి బ్యాటర్లే. ఈ రోజుల్లో లెఫ్టీ రిలీవర్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఎడమచేతివాళ్లని ఎలా కట్టడి చేస్తాడన్నది కాదు, కుడిచేతివాళ్ల కోసం అతని చేతిలో ఏ బంతి ఉందన్నది. సావంట్‌ని ఈ ప్రశ్న పట్టుకుని తెరిస్తే బంగారం. వేరే ప్రశ్నతో తెరిస్తే రంగులు చూసి మోసపోవడమే.

ఆ రంగుల సంగతి. పేజీ పైభాగంలో పర్సెంటైల్ పట్టీలు ఉంటాయి, లీగ్‌లో వందకి ఎన్నో స్థానంలో ఉన్నాడో చెప్పేవి. ఫాస్ట్‌బాల్ వేగం, స్ట్రైకవుట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం) శాతం, వాక్ (నాలుగు తప్పు బంతులతో ఉచితంగా బేస్ ఇవ్వడం) శాతం, చేజ్ (స్ట్రైక్‌జోన్ బయటి బంతికి బ్యాట్ ఊపించడం), విఫ్ (ఊపిన బ్యాట్‌కి బంతి తగలకపోవడం), హార్డ్-హిట్ (గట్టి దెబ్బలు), బ్యారెల్ (వేగం, కోణం రెండూ కుదిరిన దెబ్బలు), గ్రౌండ్‌బాల్, ఎక్స్‌టెన్షన్ (ఎంత ముందుకి వచ్చి బంతి వదులుతాడన్నది) వగైరా. ఎరుపు మంచిది, నీలం చెడ్డది. చూడ్డానికి ఎంతో సుళువు. చిక్కు ఏమిటంటే ఈ పోలిక పిచ్చర్లందరితోనూ కలిపి జరుగుతుంది. స్టార్టర్లూ (ఆట మొదలుపెట్టే పిచ్చర్లు) రిలీవర్లూ ఒకే వరసలో, కుడిచేతివాళ్లూ ఎడమచేతివాళ్లూ ఒకే వరసలో. ఒక్క ఇన్నింగ్ కోసం వచ్చి ఉన్న బలమంతా పెట్టి విసిరేవాడి స్ట్రైకవుట్ శాతం, ఆరు ఇన్నింగ్స్ మోయాల్సినవాడి పక్కన సహజంగానే ఎర్రగా మెరుస్తుంది. అది ఉబ్బిన ఎరుపు. వేగం దగ్గర దీనికి తలకిందులుగా జరుగుతుంది. లెఫ్టీలు సగటున కుడిచేతివాళ్ల కంటే నెమ్మదిగా వేస్తారు కాబట్టి, లెఫ్టీల్లో చక్కగా నిలబడే వేగం ఇక్కడ నీలంలో పడుతుంది. ఎడమచేతి రిలీవర్లని వాళ్లలో వాళ్లకే పోల్చే పట్టీ పేజీలో లేదు. ఈ సైటు మీద మా పెద్ద ఫిర్యాదు ఇదే, ఎందుకంటే అందుకు కావల్సిన డేటా అంతా వాళ్ల దగ్గరే ఉంది. ఒక్క బటన్ పెడితే సరిపోయేది.

ఇంకోటి, ర్యాంకింగ్‌కి అర్హత గీత జట్టు ఆడిన ఒక్కో ఆటకి 1.25 మంది బ్యాటర్లు. 162 ఆటలకి దాదాపు 203 మంది. ఏడాదిలో సగం ట్రిపుల్-ఏలో (కింది స్థాయి మైనర్ లీగ్‌లో) గడిపిన లెఫ్టీ, గాయంతో రెండు నెలలు కూర్చున్న లెఫ్టీ దీనికి దిగువనే ఉండిపోతారు. చవగ్గా దొరికే మంచి సరుకు తరచు అక్కడే ఉంటుంది. లీడర్‌బోర్డు తెరవగానే కనీస సంఖ్యని తగ్గించుకోండి, లేకపోతే వాళ్ల పేర్లే కనిపించవు.

రంగుల్ని దాటి కిందికి వస్తే బ్యాటర్ చేతివాటం వారీ లెక్కలు దొరుకుతాయి. ఇక్కడ ఇంకో గుంట ఉంది. రిలీవర్ ఏడాదికి 60 ఇన్నింగ్స్ వేస్తే సుమారు 250 మంది బ్యాటర్లు ఎదురవుతారు. అందులో ఎడమచేతివాళ్లు వందమంది అనుకుందాం. వందమంది మీద వచ్చిన వోబాకి (బ్యాటర్లు ఒక్కో అవకాశంలో ఎంత విలువ రాబట్టారన్న అంకె, పిచ్చర్‌కి తక్కువైతే మేలు), కేవలం యాదృచ్ఛికంగా, ఇటు 50 అటు 50 పాయింట్ల ఊగులాట ఉంటుంది. అంటే .270 అని కనిపించినవాడి అసలు స్థాయి .320 అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. .320 అంటే ఎవరైనా చేయగలిగిన పని, .270 అంటే జీతం పెంచి మరీ ఉంచుకునే పని. ఒక్క ఏడాది స్ప్లిట్ (చేతివాటం వారీ అంకె) చూసి ఈ రెంటి మధ్యా తీర్పు చెప్పలేం. మూడేళ్లవి కలిపి చూసినా లీగ్ సగటు వైపు బాగా లాగి చదువుకోవాలి.

అన్ని అంకెలూ ఒకే వేగంతో కుదుటపడవు. పిచ్చర్ స్ట్రైకవుట్ శాతం సుమారు 70 మంది బ్యాటర్లకే ఒక రూపానికి వస్తుంది, వాక్ శాతానికి 170 మంది దాకా కావాలి. ఆటలోకి వచ్చిన బంతుల మీద హిట్ల శాతం నమ్మదగ్గది కావాలంటే 2,000 బంతులు పడతాయి, అన్ని బంతులు ఆటలోకి వచ్చేసరికి చాలామంది రిలీవర్ల కెరీరే ముగుస్తుంది. కాబట్టి చేతివాటం వారీగా విడగొట్టినప్పుడు స్ట్రైకవుట్, విఫ్, గ్రౌండ్‌బాల్ చూడండి. హిట్లు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన రన్లు) వదిలేయండి. గోడ దాటే హోమ్ రన్లతోనూ జాగ్రత్త. ఫిప్ అంటే ఫీల్డర్ల ప్రమేయం లేని ఫలితాలతో కట్టే, ఈఆర్ఏ లాంటి అంకె. దాని సూత్రం ఇదీ: హోమ్ రన్లు 13తో, వాక్స్‌నీ ఒంటికి తగిలిన బంతుల్నీ కలిపి 3తో హెచ్చవేసి, రెంటినీ కూడి, అందులోంచి స్ట్రైకవుట్లకి రెట్టింపు తీసేసి, ఇన్నింగ్స్‌తో భాగించి, సుమారు 3.10 కలపాలి. 60 ఇన్నింగ్స్, 5 హోమ్ రన్లు, 24 వాక్స్, 70 స్ట్రైకవుట్లు ఉన్నవాడికి 3.05 వస్తుంది. గోడకి రెండడుగుల ముందు పడాల్సిన రెండు బంతులు గోడ దాటాయనుకోండి, అదే మనిషి 3.48 అవుతాడు. రిలీవర్ పేరు నిలిచేదీ పోయేదీ ఆ రెండు బంతుల మీదే.

2024లో 1.75 ఈఆర్ఏతో ముగించిన లెఫ్టీ రిలీవర్ టానర్ స్కాట్‌కి డాడ్జర్స్ నాలుగేళ్లకి 7.2 కోట్ల డాలర్లు ఇచ్చారు. తర్వాతి ఏడాది ఈఆర్ఏ 4.74. మొదటి ఏడాది పేజీలోనే వాక్స్ ఎక్కువని కనిపిస్తుంది. అంతమందిని ఉచితంగా బేస్ మీదికి పంపినవాడు 1.75 దగ్గర ఉన్నాడంటే, అది మళ్లీ రాదని అనుకోవడమే న్యాయం. వేగం, స్లైడర్ ఉన్నంతవరకు అతను మంచి రిలీవరే. కాకపోతే ఆ ఈఆర్ఏకి ధర కట్టకూడదు.

ఇక సావంట్ నిజంగా మెరిసే చోటు. పేజీలో కిందికి దిగితే వంపుల పటం వస్తుంది. నడిమధ్య సున్నా, చుట్టూ అంగుళాల వలయాలు, ఒక్కో రకం బంతికి ఒక్కో రంగు చుక్కల గుంపు. లెఫ్టీని తూచడానికి అరగంట ఉంటే అందులో ఇరవై నిమిషాలు ఈ పటం ముందే గడపండి. వందమంది బ్యాటర్ల ఫలితం అదృష్టంతో ఊగుతుంది గానీ, స్లైడర్ ఎన్ని అంగుళాలు జారుతుందన్నది నాలుగైదు ఆటల్లోనే తేలిపోతుంది.

మొదట స్వీపర్ ఉందా అని చూడండి. 2023 నుంచి సావంట్ దాన్ని మామూలు స్లైడర్ నుంచి విడదీసి వేరే పేరుతో చూపిస్తోంది, అది చాలా మేలు చేసిన మార్పు. అడ్డంగా అడుగుకి పైగా జారే ఈ బంతి ఎడమచేతి బ్యాటర్‌కి చుక్కలు చూపిస్తుంది. అదే బంతి కుడిచేతి బ్యాటర్‌కి బయటి నుంచి లోపలికి, చాలాసేపు కళ్ల ముందే కనిపిస్తూ వస్తుంది. రకరకాల బంతుల్లో చేతివాటాన్ని బట్టి ఫలితం బాగా మారిపోయేవి స్వీపర్, సింకర్ (కిందికి దిగే ఫాస్ట్‌బాల్). కాబట్టి పటంలో ఆ రెండు గుంపులే ఉంటే, పక్కన ఎన్ని ఎర్రపట్టీలున్నా అతను పాతకాలపు ఒక్క బ్యాటర్ లెఫ్టీ. ఇప్పటి నిబంధన కింద అతనికి చోటు వెతకడం కష్టం.

కుడిచేతివాళ్ల కోసం మూడు రకాల ఆయుధాలుంటాయి, కనీసం ఒకటి కనబడాలి. ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించే నెమ్మది బంతి) ఉంటే అన్నిటికన్నా మేలు. కుడిచేతి బ్యాటర్ నుంచి బయటికి, కిందికి జారుతుంది, చేతివాటం తేడాని దాదాపు చెరిపేస్తుంది. రెండోది సున్నా దగ్గర ముద్దగా చేరే గట్టి స్లైడర్. అడ్డంగా పెద్దగా కదలదు, వేగంగా వచ్చి కుడిచేతి బ్యాటర్ వెనక కాలి దగ్గర పడిపోతుంది. మూడోది లోపలికి, చేతుల మీదికి దూసుకొచ్చే కట్టర్ గానీ, పైకి లేస్తున్నట్టు కనిపించే ఫోర్-సీమర్ గానీ. ఫోర్-సీమర్ నిలువు లెక్కలో సగటు సుమారు 16 అంగుళాలు. 18 దాటితే స్ట్రైక్‌జోన్ పైఅంచున రెండు చేతులవాళ్లనీ ఇబ్బంది పెట్టగలడు.

బంతి ఉండటం వేరు, వేయడం వేరు. చాలామంది లెఫ్టీల పటంలో ఛేంజప్ చుక్కలు ఉంటాయి గానీ లెక్కపెడితే ఏడాది మొత్తంలో ముప్ఫై దాటవు. బ్యాటర్ చేతివాటం వారీగా ఏ బంతి ఎంత శాతం వేశాడో చూడండి. కుడిచేతివాళ్లకి ఛేంజప్ పదిహేను శాతం కూడా లేకపోతే అది బ్యాటర్ మనసులో భయం పెట్టే బంతి కాదు.

చేతి కోణం 2024లో వచ్చిన చేర్పు. సున్నా డిగ్రీలంటే చేయి నేలకి సమాంతరం, 90 అంటే నడినెత్తి మీది నుంచి. చేయి ఎంత కిందికి దిగితే ఎడమ, కుడి తేడా సాధారణంగా అంత పెరుగుతుంది. పక్కచేతి లెఫ్టీని తీసుకునేటప్పుడు అతను ఎడమచేతివాళ్ల మీద చేసే మేలుతోపాటు కుడిచేతివాళ్ల మీద వచ్చే నష్టాన్నీ ముందే ఖాతాలో రాసుకోవాలి.

ఒక్కో బంతికి వంద విసుళ్ల లెక్కన రన్ వాల్యూ (ఆ బంతి వల్ల మిగిలిన లేదా పోయిన రన్లు) కూడా ఇస్తారు. దీన్ని చూసి తొందరపడొద్దు, అది ఫలితాల లెక్క. ఏడాదికి 250 స్లైడర్లు వేసినవాడికి ఒక హోమ్ రన్ ఎక్కువైతే సుమారు 1.4 రన్లు పోతాయి. వందకి లెక్కేస్తే 0.56. ఒక్క తప్పు బంతితో మంచి స్లైడర్ నాసిరకం జాబితాలోకి జారిపోతుంది.

సెర్చ్ పేజీ మొదటిసారి తెరిస్తే బెదరగొడుతుంది. ఏకంగా యాభై పెట్టెలు ముందు పరుస్తుంది. లెఫ్టీల పనికి కావల్సినవి కొన్నే. సీజన్ ఎంచి, రెగ్యులర్ సీజన్ మాత్రమే ఉంచండి. స్ప్రింగ్ ట్రైనింగ్ కలిస్తే అంకెలు చెడిపోతాయి. ప్లేయర్ టైప్ పిచ్చర్, పిచ్చర్ చేతివాటం ఎడమ, బ్యాటర్ చేతివాటం కుడి. ఇన్నింగ్ 7 నుంచి పైకి పెడితే స్టార్టర్లు చాలావరకు రాలిపోతారు. చివరగా కనీస బ్యాటర్ల సంఖ్య 60. వచ్చిన జాబితాని ఎక్స్‌వోబా (తగిలిన బంతి వేగం, కోణం నుంచి అంచనా కట్టిన వోబా) మీద పేర్చండి. తర్వాత పిచ్ టైప్‌లో ఛేంజప్ ఒక్కటే టిక్ పెట్టి మళ్లీ నడపండి. రెండు జాబితాల్లోనూ పైన ఉన్న పేర్లే మీరు వీడియో తెరిచి చూడాల్సినవి. స్విచ్ హిట్టర్ల విషయంలో ఈ సెర్చ్ సరిగ్గానే పనిచేస్తుంది, ఆ బంతికి ఎటువైపు నిలబడ్డాడో దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

సీఎస్‌వీ ఫైలు దించుకుని సొంతంగా లెక్కలు వేసేవాళ్లు ఎక్కువగా తప్పేది రెండుచోట్ల. అడ్డం వంపు కాలమ్ అంగుళాల్లో కాదు, అడుగుల్లో ఉంటుంది, 12తో హెచ్చవేయాలి. ఆ కొలత క్యాచర్ వైపు నుంచి చూసినట్టు ఇస్తారు, కుడివైపు ధనం. కుడిచేతి పిచ్చర్ సింకర్ ఋణం, లెఫ్టీ సింకర్ ధనం. కుడిచేతివాళ్ల కోసం రాసుకున్న సూత్రాన్ని గుర్తు తిప్పకుండా లెఫ్టీకి వాడితే అతని స్వీపర్ ఛేంజప్‌లా, ఛేంజప్ స్వీపర్‌లా కనిపిస్తుంది. జోన్ నంబర్లూ (స్ట్రైక్‌జోన్‌నీ దాని చుట్టుపక్కలనీ గళ్లుగా విడదీసి ఇచ్చినవి) క్యాచర్ వైపు నుంచే. ఎడమచేతి బ్యాటర్‌కి కింద, బయట అంటే 7, 13. కుడిచేతి బ్యాటర్‌కి కింద, బయట అంటే 9, 14. లెఫ్టీ స్లైడర్లు 7, 13ల్లో, ఛేంజప్‌లు 9, 14ల్లో గుమిగూడుతుంటే చేతిలో అదుపు ఉన్నట్టు. అన్నీ 5లో, అంటే నట్టనడుమ పడుతుంటే, ఎన్ని అంగుళాల వంపు ఉన్నా ఒకరోజు దెబ్బ తింటాడు. ఒక్క పిచ్చర్ ఏడాది బంతులు దించుకోవడం నిమిషం పని. లీగ్ మొత్తం ఒకేసారి అడిగితే మాత్రం వరసల పరిమితి దగ్గర ఫైలు మధ్యలో తెగుతుంది, తెగిందని హెచ్చరిక కూడా రాదు. వారం వారంగా దించుకోండి.

ఇప్పుడు ముగ్గురు బ్యాటర్ల లెక్క. ఇది సావంట్ చేసి పెట్టదు, కాగితం మీద మీరే చేసుకోవాలి. మొదటి లెఫ్టీకి వోబా ఎడమచేతివాళ్ల మీద .270, కుడిచేతివాళ్ల మీద .345 అనుకుందాం. రెండోవాడికి .300, .310. లైనప్‌లో ఎడమ-కుడి-ఎడమ వరస వస్తే మొదటివాడి సగటు .295, రెండోవాడిది .303. కొంచెం లాభమే. అదే అవతలివాళ్లు మొదటి బ్యాటర్ స్థానంలో కుడిచేతి పించ్ హిట్టర్‌ని (బదులు బ్యాటర్‌ని) దింపితే మొదటివాడు .320కి పోతాడు, రెండోవాడు .307 దగ్గరే నిలబడతాడు. అవతలి బెంచి మీద పనికొచ్చే కుడిచేతివాడు ఒక్కడున్నా చాలు, మొదటివాడి ఆధిక్యం ఆవిరి. ఎనిమిదిమంది బుల్‌పెన్‌లో లెఫ్టీ ఒక్కడే అయితే రెండోవాడినే తీసుకోవాలి. ఇద్దరికి చోటుంటే మొదటివాడికీ ఏడో ఇన్నింగ్‌లో పని దొరుకుతుంది.

ఈ లెక్క నిజం ఆటలో ఎలా ఉంటుందో 2024 వరల్డ్ సిరీస్ మొదటి ఆట చూపించింది. పదో ఇన్నింగ్, యాంకీస్ 3-2తో ముందున్నారు, ఒకరు అవుట్, బేస్‌ల మీద ఇద్దరు. ముందున్న డాడ్జర్స్ బ్యాటర్ల వరస ఒహ్తాని, బెట్స్, ఫ్రీమన్, అంటే అచ్చంగా ఎడమ-కుడి-ఎడమ. బుల్‌పెన్‌లో ఇద్దరు లెఫ్టీలు సిద్ధంగా ఉన్నారు. ఒకడు టిమ్ హిల్, పక్కచేతి సింకర్‌తో ఆ సీజన్ మొత్తం గ్రౌండర్లు పెట్టించినవాడు. ఇంకొకడు నెస్టర్ కోర్టెస్, మోచేతి దగ్గరి గాయం వల్ల సెప్టెంబర్ 18 తర్వాత ఒక్క ఆటలోనూ వేయని స్టార్టర్. యాంకీస్ మేనేజర్ ఆరన్ బూన్ కోర్టెస్‌ని పిలిచాడు. హిల్ గ్రౌండర్ పెట్టించినా ఒహ్తాని పరుగుకి డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్) కష్టమన్నది అతని లెక్క. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. గ్రౌండ్‌బాల్ శాతానికి విలువ బ్యాటర్ కాళ్లని బట్టి కూడా మారుతుంది. కోర్టెస్ మొదటి బంతికే ఒహ్తాని ఎడమవైపు ఫౌల్ గీత దగ్గర క్యాచ్ ఇచ్చాడు. పట్టిన యాంకీస్ ఫీల్డర్ వెర్డూగో గోడ మీదుగా జనంలోకి పడటంతో రన్నర్లకి ఒక్కో బేస్ ముందుకిచ్చారు. మొదటి బేస్ ఖాళీ అయింది. కుడిచేతి బెట్స్‌ని కావాలనే వాక్ చేసి బేస్‌లు నింపారు. తర్వాతి బంతి, కోర్టెస్ ఆ రాత్రి వేసిన రెండో బంతి, లోపలివైపు ఫాస్ట్‌బాల్. ఫ్రీమన్ దాన్ని కుడివైపు స్టాండ్స్‌లోకి పంపాడు. వరల్డ్ సిరీస్ చరిత్రలో ఆటని ముగించిన మొదటి గ్రాండ్ స్లామ్ (బేస్‌లన్నీ నిండినప్పటి హోమ్ రన్) అది.

ఎడమచేతి బ్యాటర్ ఎదురుగా ఎడమచేతి పిచ్చర్ ఉండటమే రక్షణ కాదని అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. లెఫ్టీ లాభం చాలావరకు బయటికి జారే బంతిలో ఉంటుంది, లోపలికి వేసిన ఫాస్ట్‌బాల్‌లో ఉండదు. ఇంకో సంగతి కూడా ఉంది. లెఫ్టీ వచ్చాక కూడా బెంచికి పోకుండా నిలబడే ఎడమచేతి బ్యాటర్లు లీగ్‌లోకెల్లా గొప్పవాళ్లు: ఒహ్తాని, ఫ్రీమన్, హార్పర్, సోటో. మామూలు ఎడమచేతివాళ్లని ముందే తప్పించేస్తారు. కాబట్టి కీలక సమయాల్లోనే వచ్చే లెఫ్టీ స్ప్లిట్ అంకె వెనక బలమైన ప్రత్యర్థులుంటారు. సావంట్ పేజీ ఎక్స్‌వోబాలో దానికి సవరణ లేదు, బేస్‌బాల్ ప్రాస్పెక్టస్ సైటు ఇచ్చే డీఆర్‌ఏ అంకెలో ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ అట్లాంటా బ్రేవ్స్ లెఫ్టీ టైలర్ మాట్జెక్. 2021 నేషనల్ లీగ్ ఫైనల్ ఆరో ఆట, ఏడో ఇన్నింగ్. రెండు, మూడు బేస్‌ల మీద డాడ్జర్స్ రన్నర్లు, ఒక్కరూ అవుట్ కాలేదు. పూహోల్స్, సూజా, బెట్స్, ముగ్గురూ కుడిచేతివాళ్లే. ముగ్గురినీ స్ట్రైకవుట్ చేశాడు. ఇప్పుడు బుల్‌పెన్‌కి కావల్సింది అలాంటి లెఫ్టీ.

మాట్జెక్ అప్పుడు చేసిన పనికి లెక్క మాత్రం సావంట్ పేజీలో కనబడదు. ముందు పిచ్చర్ వదిలిపోయిన రన్నర్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమంది ఇంటికి చేరారన్నది బేస్‌బాల్-రెఫరెన్స్‌లో చూడాలి. మూడింట ఒకరికి అటూ ఇటూగా చేరడం మామూలు. ఎంత ఒత్తిడిలో వాడారో ఫ్యాన్‌గ్రాఫ్స్‌లో లెవరేజ్ అంకె చెబుతుంది. మైనర్ లీగ్‌కి పంపే ఆప్షన్లు మిగిలాయా అన్నది కూడా అక్కడి రోస్టర్‌రిసోర్స్‌లోనే. 26 మంది జట్టులో పిచ్చర్లు 13కి మించకూడదన్న పరిమితి ఉన్నంతకాలం, ఆప్షన్లు అయిపోయిన లెఫ్టీకీ, ట్రిపుల్-ఏకి పంపి మళ్లీ పిలవగలిగిన లెఫ్టీకీ మధ్య తేడా అర పాయింటు ఈఆర్ఏ కంటే పెద్దది. బుల్‌పెన్‌లో లేచి వేడెక్కి, రంగంలోకి రాకుండానే కూర్చున్న రాత్రుల లెక్క ఏ సైటులోనూ దొరకదు. లెఫ్టీలకి ఇది మరీ ఎక్కువ. వాళ్లు లేవడం చూసే అవతలివాళ్లు పించ్ హిట్టర్‌ని మార్చుకుంటారు.

ట్రిపుల్-ఏ బంతుల డేటా 2023 నుంచి సావంట్‌లోనే ఉంది, అందుకు మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. 30 ఏళ్లు దాటి మైనర్ లీగ్ ఒప్పందం మీద ఉన్న లెఫ్టీ ఎవరైనా కొత్తగా కట్టర్ నేర్చుకున్నాడా అన్నది ఏప్రిల్లోనే కనిపెట్టొచ్చు. అక్కడి ఫలితాలు వదిలేసి, వేగం, వంపు, ఏ బంతి ఎవరికి వేస్తున్నాడన్నది మాత్రం చూడండి.

మా రేటింగ్ ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్కటీ పర్సెంటైల్ పట్టీలకి. ఫోన్‌లో చూస్తే వంపుల పటం నలిగిపోతుంది, సెర్చ్ పెట్టెలు వేలికి అందవు, కంప్యూటర్ ముందు కూర్చోండి. ఎవరినైనా ఖాయం చేసుకునే ముందు ఆటల వారీ ఫాస్ట్‌బాల్ వేగం గ్రాఫ్ ఒకసారి తెరవండి. విశ్రాంతి తర్వాత వేసిన ఆటల్నీ, వరసగా రెండోరోజు వేసిన ఆటల్నీ విడిగా చూడండి. రెండోరోజు గంటకి మైలున్నర తగ్గి, బంతి వదిలే ఎత్తు కూడా కిందికి జారుతుంటే, ఆ లెఫ్టీని వారానికి మూడుసార్లకి మించి పిలవలేరు. ఒప్పందం ధర ఆ మూడుసార్లకే కట్టండి.